పిస్టన్ రింగులకు మాట్లు వేయించిన వైనం

పెండ్లి ఆగిపోయేదాకా రావాలంటే పెద్ద పగలూ పాత కక్షలూ ఉండాలని మీరు అనుకుంటారు. అవేవీ అక్కర్లేదు. ఒక పొదుపరి ఆడమనిషి, ఒక డబ్బాడు కొత్త రింగులు, ఒక గంపెడు బొగ్గు ఉంటే చాలు. నేను స్వయంగా చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఈ కథ వింటూ మా మనవళ్లు ఇప్పుడు రెండు ముద్దలు ఎక్కువ తింటారు. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

నేను చదివింది మూడో తరగతి. నాలుగుకు పోవాల్సిన ఏడు వానల్లేక మా నాయన నన్ను గొర్రెల వెంట పంపాడు. దాంతో బడిలో పంతుల్ని అడగాల్సిన ప్రశ్నలన్నీ నా కడుపులోనే ఉండిపోయాయి. అప్పట్నించి ఎవరు దొరికితే వాళ్లను అడగడమే. బస్సెక్కితే డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, ఆ గేరు కర్రను అటూ ఇటూ ఎందుకు తోస్తావని అడుగుతాను. కరెంటు స్తంభం ఎక్కినవాణ్ని దిగేదాకా కింద నిలబడి అడుగుతాను. మా ఆయన నాకు పూర్తిగా వ్యతిరేకం. ఇంటికి నిప్పంటుకుందని కొడుకు చెప్పినా, "మీ అమ్మనడుగు" అని పక్కకు తిరిగి పడుకునే మనిషి.

ఇక పొదుపు సంగతి. మా ఇంట్లో ఓటిపోయిన బిందెను పారేయడమనేది లేదు. మాట్లు వేసే వీరాచారి కొలిమి తిత్తితో ఊళ్లోకి వచ్చాడంటే ముందు మా గడప ముందరే దింపాలి. బిందెకు మాటు, గంగాళానికి మాటు, చెంబుకు మాటు. మా అత్తగారిచ్చిన గంగాళంలో ఇప్పుడు అత్తగారి కాలం నాటి ఇత్తడి కంటే వీరాచారి వేసిన ఇత్తడే ఎక్కువ. అయినా చుక్క నీరు కారదు. సందు కనిపిస్తే మూయించాలి, అదీ నా సంసారం నడిచిన పద్ధతి. నా కొంప ముంచింది కూడా ఆ పద్ధతే.

మా కొడుకు మద్దిలేటి అప్పటికి పెండ్లికాని పిల్లోడు. ఎవరో వాడి వాడి విసిగి అమ్మేసిన కారు ఒకటి కొని బాడుగకు తిప్పుతున్నాడు. అది కదిలితే వెనక నీలం రంగు పొగ లేచేది. ఆ పొగ పుణ్యమా అని మా వీధిలో దోమలుండేవి కావు గానీ, బండెక్కడానికి మనుషులు కూడా ఉండేవారు కాదు. ఊరంతా దాన్ని పొగబండి అనేది. డీజిల్ కంటే ఇంజన్ ఆయిలే ఎక్కువ తాగేది. వాడు ఆయిల్ డబ్బా మూత తీసినప్పుడల్లా నా గుండె కలుక్కుమనేది.

అదే సమయంలో మా పక్కింటి ఓబులమ్మ కూతురు మాధవికి పెండ్లి కుదిరింది. ఆదివారం పొద్దున మహానందిలో మూర్తం. పెండ్లికూతుర్ని తీసుకుపోవడానికి నంద్యాలలో కారు మాట్లాడతానని ఓబులమ్మ అంటే, నేను ఊరుకుంటానా?

"పక్కింట్లో కారు పెట్టుకోని బయట బాడుగకు పోతావా?" అని గట్టిగా అడిగాను.

ఓబులమ్మ నసిగింది. "అది కాదు వదినా. పిల్ల పట్టుచీర కట్టుకోని కూర్చుంటాది. మీ బండి పొగకు మహానంది చేరేసరికి పొయ్యిలోంచి తీసినట్లయితాది. మగపిల్లోని నాయన శానా పట్టింపు మనిషి. మూర్తం దాటితే తాళి కట్టనీయనని ముందే చెప్పినాడు."

"ఆదివారానికి ఆ పొగ ఉండదు. పిల్లను మూర్తానికి దింపే పూచీ నాది," అన్నాను.

నలుగురు ఆడవాళ్ల ముందర అన్న మాట. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఓబులమ్మ నంద్యాల కారు మానుకుంది.

మద్దిలేటి మెకానిక్ బాషాను పిలిచాడు. బాషా మా ఊరివాడే, చిన్నప్పట్నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తాడు. పనిమంతుడే గానీ వాడి పని గురించి వాడి నోటితో వినాలంటే సగం పూట పడుతుంది. తను విప్పని ఇంజన్ రాయలసీమలో లేదంటాడు. పొగను వాసన చూసి, వైద్యుడు నాడి చూసినట్లు కళ్లు మూసుకుని, "రింగులు పోయినాయి," అని తేల్చాడు. షెడ్డుకు తీసుకుపోతే షెడ్డువాడు చోటుకు కూడా బాడుగ వేస్తాడని, మా వాకిట్లోనే విప్పమన్నాను. అలాగైతే నేను దగ్గరుండి చూడొచ్చు కూడా. నిజం చెప్పాలంటే ఆ రెండోదే అసలు కారణం.

ఇంజన్ విప్పుతుంటే నాకు పండగే అనుకోండి. అన్నేళ్లుగా ఆ రేకు మూత కింద ఏముందో తెలియక నేను పడిన బాధ మీకేం తెలుసు? బాషా మూత లేపాడు, కింద ఆయిల్ తొట్టి దించాడు, లోపల్నుంచి నాలుగు పిస్టన్లు ఒక్కొక్కటే బయటికి తీసి గోనెసంచి మీద వరసగా పెట్టాడు. నేను పీట వేసుకుని ముందర కూర్చున్నాను. ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఇదేంది బాషా, చెంబు బోర్లించినట్లుండాది?"

"అదే అక్కా పిస్టన్. రోట్లో రోకలి మాదిరి పైకీ కిందికీ ఆడతాది. పైన మంట పుట్టి దీన్ని కిందికి తోస్తే బండి కదుల్తాది."

"మరి మెడ చుట్టూ గీతలు తవ్వినట్లు ఈ గాళ్లేంటికి?"

"ఆ గాళ్లల్లో రింగులు కూర్చుంటాయి. పైవి మంటను కిందికి దిగనీవు, కిందిది ఆయిల్‌ను పైకెక్కనీదు. ఇవి అరిగిపోయి ఆయిల్ పైకెక్కి కాలిపోతాంటే మీ బండి పొగ పోస్తాండాది."

నాకు ఒళ్లు పులకరించింది. నా దుడ్లన్నీ ఏ దారిన పైకెక్కి పొగైపోతున్నాయో అన్నాళ్లకు కంటితో చూశాను. పిస్టన్ తల మీద మసి నా రొట్టెల పెనం అడుగు కంటే దట్టంగా పేరుకుని ఉంది. కిరసనాయిలు పోసి కడిగే పని నాకిచ్చాడు. గాళ్లలో గట్టిపడిన మసిని మాత్రం ఒక పాత రింగును విరిచి, ఆ ముక్కతోనే గీకి తీశాడు. పనికిరానిదాంతో పని చేయించుకునేవాడంటే నాకు గౌరవం. బాషాకు ఆ పూట రెండోసారి టీ దొరికింది.

పిస్టన్లు బాగున్నాయి, ఎక్కడా గీతలు పడలేదన్నాడు. అవి ఆడే గొట్టాల లోపల కూడా చేత్తో తడిమి చూసి బాగున్నాయన్నాడు. తర్వాత ఒక పాత రింగును గొట్టంలోకి జారవిడిచి, పిస్టన్‌తోనే లోపలికి తోసి సమంగా నిలిపాడు. జేబులోంచి విసనకర్ర మాదిరి విచ్చుకునే సన్నటి ఇనుప రేకులు తీసి, ఆ రింగు రెండు కొసల మధ్య ఉన్న సందులోకి ఒక్కొక్కటే దూర్చాడు.

"చూడక్కా. ఎన్ని రేకులు పెట్టినా వదులుగానే ఉండాది. ఇంత సందుంటే ఆయిల్ పైకెక్కక ఏమైతాది?"

నేను వంగి చూశాను. నిజమే, సందు. అంటే మా ఇంటి దుడ్లు పోయిన దారి ఆ సందే. ఆ ఒక్క మాట నా బుర్రలో శిలాశాసనం మాదిరి దిగిపోయింది. బాషా ఆ తర్వాత ఇంకా ఏదో చెప్పాడు గానీ నేను వినలేదు. తెలుసుకోవాలని ఎంత ఆత్రం ఉన్నా, కావలసిన ముక్క దొరికిందనుకోగానే చెవులు మూసుకుపోయే జబ్బు ఒకటి నాకుంది. ఇప్పటికీ పూర్తిగా కుదరలేదు.

మద్దిలేటి నంద్యాల పోయి కొత్త రింగుల డబ్బా తెచ్చి నా చేతికిచ్చాడు. విలువైన వస్తువు ఏదైనా నా బీరువాలోనే ఉండాలి. శుక్రవారం బాషా నమాజుకు పోయి, అట్నుంచి అటే వాళ్ల చెల్లెలి ఇంటికి పోయి, శనివారం పొద్దున వచ్చి బిగిస్తానన్నాడు. మద్దిలేటి ఎవరిదో బండి తోలడానికి కర్నూలు పోయాడు. మా ఆయన ఉన్నా లేనట్లే లెక్క, కాబట్టి ఇంట్లో మిగిలింది నేనూ, డబ్బానూ.

డబ్బా తెరవకుండా ఉండొచ్చు కదా అని మీరంటారు. మీరైతే ఉంటారేమో. కొన్న సరుకు ఇంటికొచ్చాక విప్పి చూసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. బియ్యమైనా, చీరైనా, రింగులైనా నాకు ఒకటే.

విప్పాను. మొదటి రింగు తీశాను. విరిగి ఉంది.

రెండోది తీశాను. అదీ విరిగి ఉంది. వరసగా అన్నీ తీసి చాప మీద పరిచాను. ఒక్కటంటే ఒక్కటి నిండుగా లేదు. ప్రతిదానికీ సందే. పాత రింగు ఒకటి తెచ్చి పక్కన పెట్టి పోల్చాను. పాతదాని నోరు కొంచెం తెరుచుకుని ఉంటే, కొత్తదాని నోరు ఆవలించినట్లు తెరుచుకుని ఉంది. పాతదాని సందుకే ఊరు పొగబండి అని పేరు పెట్టింది. ఈ సందుతో బండి కదిలితే మహానంది కొండ కూడా కనిపించదు. అంతటితో అయిందా? ప్రతి పిస్టన్‌కూ కిందివైపు వేసే రింగుకు ఒళ్లంతా చిల్లులు. ఆయిల్‌ను ఆపాల్సింది ఇదేనని బాషా చెప్పాడు కదా, జల్లెడ పెట్టి ఆయిల్‌ను ఆపుతారా ఎవరైనా?

నా కొడుకును పట్టపగలు మోసం చేశారు. పాపం పిల్లోడు, డబ్బా మీది బొమ్మ చూసి తెచ్చుకున్నాడు.

బాషాకు ఫోన్ చేసి అడగొచ్చు. నా సెల్లులో బ్యాలెన్సు లేక కాదు, ఉంది. కానీ బ్యాలెన్సు వేయించుకునేది ఉండడానికి, ఖర్చు పెట్టడానికి కాదు. నంద్యాల పోయి అంగడివాడితో పోట్లాడదామంటే బస్సు ఛార్జీ దండగ. ఏం చేయాలా అని చాప ముందర కూర్చుని ఉన్నానా, సరిగ్గా అప్పుడే వీధిలో వీరాచారి కేక వినిపించింది. "బిందెలకు మాట్లు, గంగాళాలకు మాట్లు" అని. ఆ మహానందీశ్వరుడే పంపించాడనుకున్నాను. దేవుడి మీద నేను వేసిన నిందల్లో అదొకటి.

వీరాచారి మా గడప ముందర కొలిమి పెట్టి, తిత్తి ఊది, రింగును చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. పెద్దమనిషి, తొందరపడే రకం కాదు.

"ఏమ్మా, ఇవి ఇట్లే ఉండాలేమో? అన్నీ ఒకే చోట, ఒకే తీరుగా కోసినారు," అన్నాడు.

"ఒకే తీరుగా కోసినారంటే ఒకే దొంగ కోసినాడని," అన్నాను.

ఆయన ఇంకోసారి తిప్పాడు. "విరిగిందైతే అంచు గరుకుగా ఉండాల. ఇది నున్నగా ఉండాది."

"మోసం చేసేటోడు నున్నగానే చేస్తాడు. నువ్వు మాటు వేస్తావా, బ్యాంకీ మేనేజర్ మాదిరి ఇట్ల అడుగుతానే ఉంటావా?"

వేశాడు. కానీ ఆ రింగులు లొంగేవి కావు. రెండు కొసలూ దగ్గరికి నొక్కితే మూసుకునేవి, వదిలితే మళ్లీ నోరు తెరిచేవి, గడుసు కోడలి మాదిరి. ఆయన ఇనుప తీగతో కట్టి, అతుకు పట్టడానికి వెలిగారం పొడి చల్లి, ఇత్తడి కరిగించి అతికించాడు. ఒకటి మాత్రం టప్పుమని రెండు ముక్కలైంది. "చూసినావా ఎంత నాసిరకమో," అన్నాను. ఆ ముక్కల్ని కూడా రెండు చోట్ల అతికించమన్నాను. చిల్లుల రింగులకు ఒక్కో చిల్లూ పూడ్చడానికి పొద్దు గూకేదాకా పట్టింది. చివరికి ఆకురాయితో నున్నగా రాసి చేతికిచ్చాడు. చూస్తే కళ్లు చెదిరాయి. నల్లటి ఇనుములో పచ్చటి ఇత్తడి చుక్కలు, ఎవరో బంగారు పువ్వులు పొదిగినట్లున్నాయి. ఒక్కోదాన్నీ దీపం ముందు పెట్టి చూశాను. సందనేది లేదు.

శనివారం తెల్లారింది. బాషా వచ్చాడు. మద్దిలేటి కూడా వచ్చేశాడు. నేను తలస్నానం చేసి, డబ్బాకు పసుపూ కుంకుమా పెట్టి, పళ్లెంలో పెట్టి తెచ్చాను. ఏమీ చెప్పలేదు. వాళ్లే చూసి ఆశ్చర్యపోవాలని నా కోరిక. ఆ కోరిక మాత్రం పూర్తిగా నెరవేరింది.

బాషా ఒక రింగు తీసి వేలికి తగిలించుకుని తిప్పాడు. కొస కోసం వెతుకుతున్నాడు. మళ్లీ తిప్పాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఇంకో రింగు తీశాడు.

"మద్దిలేటీ, ఇవి యాడ తెచ్చినావు?"

"నంద్యాల్లోనే మామా. నువ్వు చెప్పిన అంగట్లోనే."

"వీటికి నోరు లేదే."

ఇక నా వల్ల కాలేదు. "నేనే మూయించినాలే. వాడు అన్నీ విరిగిపోయినవి అంటగట్టినాడు. వీరాచారి చేత మాట్లు వేయించినా. ఇంక చుక్క ఆయిల్ పైకెక్కితే నన్నడుగు," అన్నాను.

బాషా మెల్లగా పిస్టన్ తీసుకున్నాడు. రింగును దాని తల మీద పెట్టాడు. రింగు ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? గాడిలో కూర్చునే రింగు తల కంటే చిన్నగానే కదా ఉంటుంది, నోరు తెరిస్తేనే తల దాటి కిందికి దిగేది. నాకు ఆ ఆలోచన రాలేదు. వేరే ఆలోచన వచ్చింది.

"గాజులమ్మేటోళ్లు చేతికి బిగువు గాజులు ఎక్కించేటప్పుడు సబ్బు రాస్తారప్పా. సబ్బు తెస్తా ఉండు. కాకుంటే ఆముదముండాది."

బాషా పిస్టన్ కింద పెట్టి, గోనెసంచి మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను. భుజాలు ఊగుతుంటే అర్థమైంది, నవ్వుతున్నాడు. చివరికి కళ్లు తుడుచుకుని, నా కాళ్ల వైపు చూపించాడు.

"అక్కా, నీ కాలి మెట్టెకు కింద సందెందుకుండాది?"

"వేలికి ఎక్కాలంటే విచ్చుకోవాల కదా. ఎక్కినాక నొక్కుకోవాల."

"ఇదీ అంతే. పైగా ఇంజన్లో మంటకు ఇనుము సాగుతాది. సాగడానికి ఎంట్రుకంత చోటు వదలకపోతే కొసలు రెండూ గుద్దుకోని గొట్టాన్ని చీరేస్తాయి. ఆ ఎంట్రుక కంటే ఎక్కువైతేనే రోగం. నేను రేకులు పెట్టి చూసింది ఎంత ఎక్కువైందోనని. ఆ చిల్లులేమో, గొట్టం గోడకంటిన ఆయిల్ గీకి కిందికి పంపే దారులు." ఊపిరి పీల్చుకుని మళ్లీ నవ్వాడు. "ఈ ఇంజన్ నిన్ను మెట్టెలడిగిందక్కా. నువ్వు గాజులు తొడిగినావు."

మద్దిలేటి నవ్వలేదు. గడప మీద కూలబడ్డాడు. "అమ్మా, రేపు పెండ్లి," అన్నాడు. అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, నేను తిరిగి తిట్టి తేలికపడేదాన్ని.

మాట్లు కోసేస్తే పనికొస్తాయా అని అడిగాను. కొలిమిలో కాలి వాటి బిగువు చచ్చిపోయిందన్నాడు బాషా. అప్పుడే ఓబులమ్మ గోడ మీంచి తల పెట్టి, "బండి తయారైందా వదినా? పిల్లకు గోరింటాకు పెడుతున్నా," అంది. అవుతోందని చెప్పాను. నా జీవితంలో అంత సన్నటి గొంతుతో మాట్లాడింది అప్పుడే.

లోపలికి పోయి, బీరువా తెరిచి, ఎందుకోసం దాచానో నాకే గుర్తులేని దుడ్లు తీసుకుని, మద్దిలేటిని వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. ఆ రోజు డ్రైవర్‌ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదంటే నా స్థితి మీరే అర్థం చేసుకోండి. అంగట్లో డబ్బా విప్పించి ఒక్కొక్క రింగూ చూశాను, అన్నీ నోరు తెరిచే ఉన్నాయా అని. చిల్లులు లెక్కగా ఉన్నాయా అని. బేరం చేయలేదు. మద్దిలేటి నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమైనా వచ్చిందా అని చూశాడు.

ఆ మధ్యాహ్నం బాషా రింగులు బిగించడం చూశాను. ఈసారి చెవులు తెరుచుకుని చూశాను. ప్రతి రింగునూ ముందు గొట్టంలో పెట్టి, రేకుతో సందు సరిచూశాడు. రేకు వెన్నలో కత్తి మాదిరి ఒదిగి జారింది. గుర్తు ఉన్న వైపు పైకి పెట్టి, కొసలు విప్పి గాళ్లలో కూర్చోబెట్టాడు. ఒక రింగు సందు ఇటుంటే, దాని కింది రింగు సందు అటు తిప్పాడు.

"ఒకే వరసలో పెడితే ఏమైతాది?" అని అడిగాను. అడగకుండా ఎంతసేపుంటాను?

"ఆయిల్‌కు మెట్లు కట్టించినట్లయితాది," అన్నాడు.

ఆయిల్ పూసి, చుట్టూ ఒక రేకు పట్టీ బిగించి, బాలింతకు నడికట్టు కట్టినట్లు రింగులన్నింటినీ లోపలికి అదిమి, సుత్తి పిడితో మెత్తగా తడితే పిస్టన్ గొట్టంలోకి జారిపోయింది. ఎంత ముద్దుగా జారిందో. నేను చప్పట్లు కొట్టబోయి, నా పరువు గుర్తొచ్చి ఆగిపోయాను.

సాయంత్రానికి బండి స్టార్టయింది. మొదట కాస్త పొగ దగ్గి, తర్వాత వెనక గాలి గాలిలాగే కనిపించింది. బాషా చేతులు తుడుచుకుంటూ మద్దిలేటికి ఒక మాట చెప్పాడు. కొత్త రింగులు గొట్టానికి అలవాటు పడేదాకా బండిని ఎగరగొట్టొద్దు, వేగం చూపే ముల్లు నలభై దాటకూడదని. వాడు తలూపాడు. వాడు ఊపిన తీరు నాకు నచ్చలేదు. అందుకని పెండ్లికూతురి బండిలో ముందు సీట్లో నేనే కూర్చున్నాను.

ఆదివారం పొద్దున బయల్దేరాం. వెనక పట్టుచీరలో మాధవి, పక్కన ఓబులమ్మ. పొగ లేదు. ఓబులమ్మ కిటికీలోంచి వెనక్కి చూసి మురిసిపోయింది. ఆ మురిపెం ఊరి పొలిమేర దాటేదాకానే.

"అమ్మా, ముల్లు ముప్పై కాడే ఉండాది. నలభై దాకా పోవచ్చు," అన్నాడు మద్దిలేటి.

"నలభై దాటగూడదన్నాడు. దాని దగ్గరికి పోతేనే కదా దాటేది. ఇంకా నిదానంగా పో."

పెండ్లివారి ట్రాక్టరు మమ్మల్ని దాటింది. వంటపాత్రల ఆటో దాటింది. సైకిల్ మీద ఒకాయన పక్కకొచ్చి, పెండ్లికూతురు ఎవరి పిల్ల అని అడిగి, జవాబు పూర్తిగా విని, ముందుకు పోయాడు. గొర్రెల మంద ఒకటి మాతో పోటీపడి, మలుపు దగ్గర గెలిచింది. ఓబులమ్మ ఫోన్ మోగుతూనే ఉంది. అవతల వియ్యంకుడు.

"వదినా, కొంచెం తొందరగా పోనీమను. ఆయన శానా పట్టింపు మనిషి," అంది ఏడుపు గొంతుతో.

"అత్తా, మూర్తం పోతాది," అంది మాధవి.

మద్దిలేటి కాలు కొంచెం నొక్కాడు. నేను వాడి భుజం మీద ఒక్కటి వేశాను. మొన్న ఒకసారి బాషా మాట చెవిన పెట్టక ఇంజన్‌కు గాజులు తొడిగాను. ఈరోజు ఇంకోసారి పెట్టకపోతే ఈ పిల్ల నడిరోడ్డు మీద పట్టుచీరతో దిగాలి. కానీ నిదానంగా పోతే మూర్తం దాటుతుంది. వేగం పెంచితే ఇంజన్ పోతుంది, తగ్గిస్తే పెండ్లి పోతుంది. మొహం మాత్రం రాయిలాగే పెట్టుకున్నాను. "ముప్పై అయిదు," అన్నాను చివరికి. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద దుబారా అదే.

మహానంది గోపురం కనిపించేసరికి మేళం ఆగిపోయి ఉంది. పెండ్లికొడుకు నాయన మీసం పట్టుకుని దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. నేను దిగాను. పెండ్లి చేయించే అయ్యవారు వేళ్లు లెక్కపెట్టి, ఇంకా మూర్తం ఉంది, రమ్మన్నారు. ఓబులమ్మ పిల్లను లాక్కుని పరిగెత్తింది. తాళి పడింది.

భోజనాల పంక్తిలో ఆకు ముందర కూర్చోగానే పెండ్లికొడుకు నాయన నా దగ్గరికొచ్చాడు. తిట్లు తినడానికి తల వంచుకున్నాను.

"ట్రాక్టరు వాళ్లు చెప్పినారమ్మా, నువ్వే ముందర కూర్చోని తోలించినావని," అన్నాడు. "ఈ కాలం పిల్లోళ్లు బండ్లను ఎగరగొడతారు. నువ్వు మా కోడల్ని దేవుని పల్లకీ మాదిరి తెచ్చినావు. ఇంత నెమ్మది, ఇంత పద్ధతి నేను యాడా చూడలేదు. పెద్దతనమంటే ఇది."

మద్దిలేటి మొహం అటు తిప్పుకున్నాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి. నేను మాత్రం పెద్దతనంగా తలూపాను.

ఆయన అంతటితో ఆగలేదు. "మా జీపు కూడా పొగ పోస్తాండాదమ్మా. నీకు బండ్ల సంగతి బాగా తెలిసినట్లుండాది. వచ్చి ఒకసారి చూస్తావా?"

నేను నోరు తెరిచే లోపల, పెండ్లి భోజనానికి వచ్చిన బాషా వెనకనుంచి అందుకున్నాడు. "పిలిపించుకోప్పా. మా అక్క చెయ్యి పడిందంటే మీ జీపు మళ్లా పొగ పోయదు. నేను రాసిస్తా. కదిలితే కదా పోసేది."

పంక్తి పంక్తంతా తిరిగి చూసింది. ఓబులమ్మకు కథ అప్పుడు తెలిసింది. ఆమె ద్వారా రెండు ఊళ్లకు తెలిసింది. నేను వడ్డించిన ఆకు వదిలిపెట్టి, నేరుగా స్వామి ముందుకు పోయి, చెంపలు వేసుకుని ప్రమాణం చేశాను.

స్వామీ, మహానందీశ్వరా. నేనూ, నా కొడుకూ, నా వంశంలో పుట్టబోయేవాళ్లూ సాక్షిగా చెబుతున్నాను. చేసినవాడు బుద్ధిపూర్వకంగా వదిలిన సందును, ఎందుకు వదిలాడో చివరిదాకా వినకుండా, ఈ జన్మలో మళ్లీ మూయించను. వినే ఓపిక ఆ పూట లేకపోతే చేతులు కట్టుకుని కూర్చుంటాను. అంతకంటే నా నోటికి మాత్రం మాటు వేయమని అడగొద్దు. ఎందుకంటే స్వామీ, ఆ జీపులో గేరుపెట్టె ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు.